వారం వారం మారే తప్పుల శాతాన్ని ఎలా చదవాలి: ఆఫీసు పనికి గణాంక నాణ్యతా పద్ధతులు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు చెప్తాను. సరఫరాదారుల ఇన్‌వాయిస్‌లను పరిశీలించి చెల్లింపుకు పంపే విభాగం మీది. తప్పుల వల్ల వెనక్కి వెళ్లే ఇన్‌వాయిస్‌ల శాతాన్నీ, ఇన్‌వాయిస్ పూర్తయ్యే సమయాన్నీ తగ్గించమని పైనుంచి ఒత్తిడి ఉంది, ప్రతి వారం సమీక్షా సమావేశం జరుగుతోంది, అయినా ఆ శాతం ఒక వారం తగ్గి మరో వారం పెరుగుతోంది. ఫ్యాక్టరీల కోసం పుట్టిన గణాంక నాణ్యతా పద్ధతులు ఇలాంటి ఆఫీసు పనికి పనికొస్తాయా, పనికొస్తే సిక్స్ సిగ్మా అనే నాణ్యతా మెరుగుదల విధానంలో శిక్షణతోనూ సాఫ్ట్‌వేర్‌తోనూ మొదలుపెట్టాలా అని అడిగారు. తప్పకుండా పనికొస్తాయి. అయితే మొదట మార్చాల్సింది ఆ వారపు సమావేశంలో మీరంతా అంకెను చదివే తీరు. శిక్షణ, సాఫ్ట్‌వేర్ ఆ తర్వాతి సంగతి.

వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ 1924 మే 16న తన పై అధికారికి పంపిన చిన్న మెమోలో మొట్టమొదటి కంట్రోల్ చార్ట్, అంటే ఫలితాలను కాలక్రమంలో హద్దుల గీతల మధ్య చూపే పటం, గీసి చూపించారు. ఆ ఆలోచనలో యంత్రాలకు మాత్రమే వర్తించేది ఏమీ లేదు. ఏ పనిలోనైనా ఫలితం ప్రతిసారీ కొంత అటూ ఇటూ అవుతుంది. ఆ హెచ్చుతగ్గుల్లో ఎక్కువ భాగం ఆ పని జరిగే పద్ధతిలోనే ఇమిడి ఉన్న అనేక చిన్న కారణాల నుంచి వస్తుంది. అప్పుడప్పుడు మాత్రం బయటి నుంచి ప్రత్యేకమైన కారణం ఒకటి వచ్చి పడుతుంది. మొదటి రకాన్ని రెండో రకంగా భావించి లేని కారణం కోసం వెతకడం ఒక పొరపాటు, రెండో రకాన్ని మామూలు హెచ్చుతగ్గులే అని వదిలేయడం మరో పొరపాటు. ఈ రెండింటి వల్ల కలిగే నష్టాన్నీ తూచి, సగటుకు రెండువైపులా మూడు సిగ్మాల (సిగ్మా అంటే మామూలు హెచ్చుతగ్గుల పరిమాణాన్ని తెలిపే కొలత) దూరంలో హద్దులు పెట్టడం లాభసాటి అని ఆయన తేల్చారు.

మీ అసలు అంకెలు నా ముందు లేవు కాబట్టి లెక్క చూపించడానికి ఒక ఊహాత్మక వరుస తీసుకుంటాను. పన్నెండు వారాల్లో వెనక్కి వెళ్లిన ఇన్‌వాయిస్‌ల శాతం వరుసగా 11.2, 9.8, 12.4, 10.6, 13.0, 9.4, 11.8, 10.2, 12.6, 11.0, 9.6, 10.4 అనుకుందాం. వీటి సగటు 11.0. ఇప్పుడు ప్రతి వారానికీ దాని ముందు వారానికీ ఉన్న తేడాను, ప్లస్ మైనస్ గుర్తులు పట్టించుకోకుండా, రాయండి: 1.4, 2.6, 1.8, 2.4, 3.6, 2.4, 1.6, 2.4, 1.6, 1.4, 0.8. ఈ పదకొండు తేడాల సగటు సరిగ్గా 2.0. దాన్ని, ఇలాంటి తేడాల సగటును మూడు సిగ్మాల దూరంగా మార్చే 2.66 అనే స్థిరాంకంతో గుణిస్తే 5.32 వస్తుంది. సగటుకు కలిపితే ఎగువ హద్దు 16.3, సగటులోంచి తీసేస్తే దిగువ హద్దు 5.7. కాలక్రమంలో పాయింట్లు పెట్టి, మధ్యలో సగటు గీత, పైనా కిందా ఈ రెండు హద్దుల గీతలు గీస్తే మీకు కావలసిన చార్ట్ సిద్ధమైనట్టే.

ఇక్కడ చాలామంది ఒక అడ్డదారి తొక్కుతారు. మొత్తం వరుసకు ఎక్సెల్‌లోని ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ఫంక్షన్ వేసి, దాన్ని మూడుతో గుణించి హద్దులుగా పెట్టేస్తారు. వరుస మధ్యలో నిజంగానే ఒక మార్పు జరిగి ఉంటే ఆ మార్పు కూడా విచలనంలో కలిసిపోయి హద్దులు వెడల్పవుతాయి. అంటే పట్టుకోవలసిన మార్పే తనను పట్టుకోకుండా చేసుకుంటుంది. పక్కపక్క వారాల తేడాలు తీసుకునేది అందుకే: మధ్యలో ఎప్పుడో జరిగిన మార్పు వాటిలో ఒక్క తేడానే పెంచుతుంది, మిగతావన్నీ మామూలు హెచ్చుతగ్గులనే చూపిస్తాయి.

ఇప్పుడు ఆ పన్నెండు అంకెలను మళ్లీ చూడండి. అయిదో వారం 13.0 రాగానే సమావేశంలో సంజాయిషీ అడిగి ఉంటారు. ఆరో వారం 9.4కు దిగగానే ఆ మందలింపు పనిచేసిందని అందరూ నమ్మి ఉంటారు. రెండూ హద్దుల లోపలివే. అసాధారణంగా ఎక్కువైన అంకె తర్వాత వచ్చే అంకె సగటు వైపు దిగడం సహజం కాబట్టి, మందలించినా మందలించకపోయినా ఆరో వారం తగ్గే అవకాశమే ఎక్కువ. మందలింపు పనిచేస్తుంది, మెచ్చుకోలు పనిచేయదు అని చాలామంది మేనేజర్లు అనుభవం మీద చెప్పే మాటకు మూలం చాలా వరకు ఇదేనని నా అభిప్రాయం.

హద్దుల లోపల ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. నిలకడగా ఉండటం వేరు, సరిపడేంత మంచిగా ఉండటం వేరు. మీ పైవాళ్లు 8 శాతం లక్ష్యంగా పెట్టారనుకోండి. ఈ ప్రక్రియ ఇప్పుడున్న తీరులో సగటున 11 ఇస్తుంది, ఏడాదిలో ఓ రెండు మూడు వారాలు మాత్రం కేవలం అదృష్టం కొద్దీ 8కి దిగువకు వస్తుంది. ఆ వారాల్లో పార్టీ ఇచ్చి, మిగతా వారాల్లో కారణాలు రాయించడం వల్ల సగటు ఒక్క పాయింటు కూడా కదలదు. ఏ ఒక్క వారానికీ ప్రత్యేకమైన కారణం లేనప్పుడు ఆ వారాన్ని గురించి ప్రశ్నించడం మానేసి, అన్ని వారాలకూ ఉమ్మడిగా ఉన్న పద్ధతిని ప్రశ్నించాలి.

పద్ధతిని ముట్టుకోకుండా ప్రతి అంకెకూ స్పందిస్తూ పోతే ఏమవుతుందో నాణ్యతా నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ గరాటు ప్రయోగంతో చూపించేవారు. గరాటులోంచి గోలీని కింద గీసిన గుర్తు మీద పడేలా వదులుతారు. గోలీ ఎంత పక్కకు పడిందో అంత దూరం గరాటును వ్యతిరేక దిశలో జరిపి మళ్లీ వదులుతారు. వినడానికి తెలివైన సవరణలాగే ఉంటుంది, కానీ గరాటును కదపకుండా వదిలేసినప్పటితో పోలిస్తే గోలీలు పడే చోట్ల విస్తృతి రెట్టింపవుతుంది. ఇక్కడ రెట్టింపయ్యేది గణాంక పరిభాషలో విస్తృతి, అంటే ప్రామాణిక విచలనపు వర్గం. ఆఫీసుల్లో దీని రూపం నాకు బాగా పరిచయం: చెడ్డ వారం రాగానే ఒక అదనపు సంతకం పెడతారు, మరో చెడ్డ వారానికి మరో సంతకం. మంచి వారం వచ్చిందని ఒక సంతకం తీసేసిన ఆఫీసును మాత్రం నేనింతవరకూ చూడలేదు.

గణాంక శాస్త్రం చదివిన సహోద్యోగి ఎవరైనా ఉంటే, ఇది శాతం కాబట్టి పి-చార్ట్, అంటే ఎన్నింటిలో ఎన్ని తప్పయ్యాయన్నదాన్ని బట్టే సంభావ్యతా సూత్రంతో హద్దులు లెక్కకట్టే చార్ట్, వాడాలి కదా అంటారు. వారానికి 400 ఇన్‌వాయిస్‌లు వస్తాయనుకుంటే పి-చార్ట్ హద్దులు 6.3, 15.7గా వస్తాయి. పైన మనకు వచ్చినవి 5.7, 16.3. రెండూ దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఏది వాడినా నష్టం లేదు. కానీ వారానికి పదివేలు వచ్చే చోట పి-చార్ట్ హద్దులు సగటుకు అటూ ఇటూ ఒక శాతం కూడా ఉండవు, దాదాపు ప్రతి వారం ప్రమాద ఘంటిక మోగుతుంది. ఆ సూత్రం ప్రతి ఇన్‌వాయిస్ తప్పయ్యే సంభావ్యత ఒకటేనని, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తప్పవుతాయని అనుకుంటుంది. నిజ జీవితంలో ఒకే సరఫరాదారు పంపిన నలభై ఇన్‌వాయిస్‌లు ఒకే కారణంతో ఒకేసారి వెనక్కి వెళ్తాయి. అందుకే ఆఫీసు డేటాకు పక్కపక్క తేడాల చార్టే నా మొదటి ఎంపిక.

చార్ట్ గీయకముందే తేల్చుకోవలసినది ఇంకొకటి ఉంది, దాన్ని ఎక్కువమంది దాటేస్తారు. మీ దగ్గర 'వెనక్కి పంపడం' అంటే ఏమిటి? పోర్టల్‌లో రిజెక్ట్ నొక్కడమా, సరఫరాదారుకు ఫోన్ చేసి సరిదిద్దించుకోవడం కూడా లెక్కలోకి వస్తుందా? ఇద్దరు అనుభవజ్ఞులైన పరిశీలకులకు అవే 100 ఇన్‌వాయిస్‌లు విడివిడిగా ఇచ్చి చూడండి. ఇద్దరూ చెరో 11 తప్పని చెప్పారు, మొత్తం 90 విషయంలో ఏకీభవించారు అనుకుందాం. తొంభై శాతం ఏకాభిప్రాయం అంటే బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. విడదీసి చూస్తే, ఒకరు తప్పన్న 11లో రెండో వ్యక్తి కూడా తప్పన్నవి 6 మాత్రమే. ఎక్కువ ఇన్‌వాయిస్‌లు ఎలాగూ సరైనవే కాబట్టి గుడ్డిగా చెప్పినా ఇద్దరూ 80 శాతం కలుస్తారు. ఆ కాకతాళీయ భాగాన్ని తీసేసి కొలిచే కప్పా అనే సూచిక ఇక్కడ 0.49 మాత్రమే వస్తుంది. ఇన్‌వాయిస్ ఎవరి చేతిలో పడిందన్నదాన్ని బట్టి తప్పొప్పులు మారే చోట వారపు శాతం సరఫరాదారుల నాణ్యతతో పాటు ఆ వారం సెలవులో ఎవరున్నారన్నది కూడా కొలుస్తుంది. ముందు నిర్వచనం రాసి, సందిగ్ధమైన ఇన్‌వాయిస్‌లను నమూనాలుగా పెట్టి, ఈ పరీక్ష మళ్లీ చేయండి. ప్రాజెక్టు మొత్తంలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ తెలిసేది ఇక్కడే.

ప్రక్రియ నిలకడగా ఉందని, కొలత నమ్మదగినదని తేలాక ఆ 11 శాతాన్ని విడగొట్టాలి. నాణ్యతా నిపుణుడు జోసెఫ్ జురాన్ ప్రచారంలోకి తెచ్చిన పారెటో సూత్రం, అంటే కొద్ది కారణాలే ఎక్కువ తప్పులకు మూలమన్న మాట, మీకు తెలిసే ఉంటుంది కాబట్టి దాని గురించి పొడిగించను. ఒక్క హెచ్చరిక: కారణాల జాబితాలో 'ఇతరములు' అన్నది మొదటి మూడు స్థానాల్లో ఉంటే కారణాలను ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి చూపే ఆ పారెటో చార్టును చింపేసి కారణాల కోడ్‌లు మళ్లీ రాయండి. అంతకంటే విలువైన విభజన ఇన్‌వాయిస్ వచ్చే దారిని బట్టి చేసేది. పోర్టల్ ద్వారా వచ్చినవాటిలో 4 శాతం, ఈమెయిల్ ద్వారా వచ్చినవాటిలో 18 శాతం వెనక్కి వెళ్తున్నాయని, రెండు దారులూ చెరి సగమని అనుకోండి. మొత్తం మీద 11 శాతమే కనిపిస్తుంది, కానీ 11 శాతం తప్పులిచ్చే దారి మీ ఆఫీసులో ఏదీ లేదు. పైగా ఒక వారం ఈమెయిల్ వాటా పెరిగితే ఎవరి పనితీరూ మారకుండానే మొత్తం శాతం పెరుగుతుంది. రెండు ప్రవాహాలు కలిసిపోయిన డేటాకు ఎంత గొప్ప గణాంక పరీక్ష వేసినా ఉపయోగం ఉండదు. విడివిడిగా రెండు చార్టులు గీయడమే మార్గం.

విడదీసినప్పుడు ఈమెయిల్ ఇన్‌వాయిస్‌లలో ప్రధాన లోపం పర్చేజ్ ఆర్డర్ నంబర్ లేకపోవడమేనని తేలింది, అందరినీ పోర్టల్‌కు మళ్లించి ఆ నంబర్ లేనిదే ఇన్‌వాయిస్ సమర్పించడానికి వీల్లేకుండా చేశారు అనుకుందాం. తర్వాతి ఎనిమిది వారాల మొత్తం శాతాలు 8.2, 7.6, 9.0, 7.2, 8.4, 7.8, 8.6, 7.4. ఒక్కటి కూడా పాత దిగువ హద్దయిన 5.7 దాటలేదు. అయినా మార్పు నిజమైనదే, ఎందుకంటే ఎనిమిది పాయింట్లు వరుసగా సగటుకు ఒకే పక్కన పడ్డాయి. ప్రక్రియ మారకుండా వరుసగా ఎనిమిది దిగువనే పడే అవకాశం 256లో ఒక వంతు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 1956లో ప్రచురించిన చేతిపుస్తకంలోని నియమాల్లో ఇదీ ఒకటి. ఆ పుస్తకంలోనివి, ఆ తర్వాత ఇతరులు చేర్చినవి అన్ని నియమాలనూ ఒకేసారి వర్తింపజేసే సాఫ్ట్‌వేర్లున్నాయి. ఆ పని చేయవద్దు. ప్రతి అదనపు నియమమూ ఉత్తుత్తి హెచ్చరికలను పెంచుతుంది, పది ఉత్తుత్తి హెచ్చరికల తర్వాత నిజమైన హెచ్చరికను కూడా ఎవరూ పట్టించుకోరు. హద్దు దాటిన పాయింటు, ఒకే పక్కన వరుసగా ఎనిమిది, ఈ రెండూ మీకు చాలు.

ఇప్పుడు హద్దులను కొత్తగా లెక్కకట్టవచ్చు: కొత్త సగటు 8.0, హద్దులు సుమారు 5.1, 10.9. ఎనిమిది పాయింట్ల మీద వేసినవి కాబట్టి వీటిని తాత్కాలికమైనవిగానే చూడండి. ఇరవై వారాలు పోగయ్యాక మరోసారి లెక్కకట్టి స్థిరపరచండి. అంతేకానీ ప్రతి నెలా హద్దులు మార్చడం మంచిది కాదు. మార్పు జరిగిందని చార్టే చూపించాలి, ఆ మార్పుకు కారణం మీకు తెలిసి ఉండాలి, అది కొనసాగుతుందన్న నమ్మకం ఉండాలి. ఈ మూడూ ఉన్నప్పుడే హద్దులు మార్చాలి.

తగ్గిన శాతం ఎక్కడికి పోయిందో కూడా చూడాలి. పోర్టల్ తిరస్కరించిన సరఫరాదారు ఊరుకోడు, మీ సహాయ విభాగానికి ఫోన్ చేస్తాడు, లేదా నోటికొచ్చిన నంబరేదో వేసి సమర్పిస్తాడు. అందువల్ల ఫోన్ కాల్స్ సంఖ్యకు ఒక చార్ట్, చెల్లింపు దశలో బయటపడిన తప్పుడు నంబర్లకు ఒక చార్ట్ పక్కనే ఉంచండి. లక్ష్యం కింద నలిగే మనుషులకు అంకెను బాగు చేయడానికి పనిని బాగు చేయడం కంటే తేలికైన దారులు ఎప్పుడూ దొరుకుతాయి.

ఇన్‌వాయిస్ పూర్తయ్యే సమయాన్ని కూడా తగ్గించాలన్నారు. ఇక్కడ గణాంకాలు మనల్ని ఎక్కువగా మోసం చేస్తాయి కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. సాధారణంగా రిపోర్టులో ఆ నెల పూర్తయిన ఇన్‌వాయిస్‌ల సగటు రోజులు వేస్తారు. పూర్తి కానివి ఆ సగటులో ఉండవు. తొంభై రోజులుగా మూలపడి ఉన్నవాటిని ముట్టుకోకుండా తేలికైనవి మాత్రమే పూర్తిచేస్తే సగటు అందంగా కనిపిస్తుంది. ఏ శ్రద్ధగల ఉద్యోగో కూర్చుని ఆ పాతవన్నీ క్లియర్ చేసిన నెలలో సగటు ఒక్కసారిగా పెరిగిపోయి, ఆ ఉద్యోగే సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. దీనికి విరుగుడు, ఇన్‌వాయిస్‌లను పూర్తయిన నెలను బట్టి కాకుండా అందిన వారాన్ని బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపులో పది రోజుల్లోపు పూర్తయినవి ఎంత శాతమో చూడటం. దానికి తోడుగా పెండింగ్‌లో ఉన్నవాటి వయసును విడిగా చూపించాలి. సమయాల పంపిణీకి కుడివైపు పొడవాటి తోక ఉంటుంది, అంటే కొన్ని మాత్రం మిగతావాటికంటే చాలా ఎక్కువ రోజులు తీసుకుంటాయి కాబట్టి, సగటుతో పాటు మధ్యగతాన్నీ (వరుసలో సరిగ్గా మధ్యన ఉండే అంకె), నూటికి తొంభై ఎన్ని రోజుల్లో పూర్తవుతున్నాయన్న అంకెనూ ఇవ్వడం మేలు.

జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన ఒక సూత్రం ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది. నిలకడగా నడిచే ఏ వ్యవస్థలోనైనా లోపల ఉన్నవాటి సగటు సంఖ్య, రోజుకు వచ్చే వాటి సంఖ్యను ఒక్కోటి లోపల గడిపే సగటు రోజులతో గుణించినంత ఉంటుంది. రోజుకు 60 ఇన్‌వాయిస్‌లు వస్తూ, మొత్తం 540 పెండింగ్‌లో ఉంటే ఒక్కోటి సగటున 9 రోజులు లోపల ఉంటున్నట్టు. ఒక ఇన్‌వాయిస్ మీద అసలు పని ఇరవై నిమిషాలదైతే మిగతా కాలమంతా ఎవరి డెస్క్ మీదో, ఎవరి ఇన్‌బాక్స్‌లోనో వేచి ఉండటమే. అలాంటప్పుడు ఉద్యోగులను త్వరగా పనిచేయమని తొందరపెట్టి ఇరవై నిమిషాలను పదిహేను చేస్తే సరఫరాదారుకు తేడా కనిపించదు. వారానికి ఒకరోజు కూర్చుని కట్టలు కట్టలుగా అప్రూవ్ చేసే అధికారి రోజూ అరగంట కేటాయిస్తే కనిపిస్తుంది.

సిక్స్ సిగ్మా గురించి నా అభిప్రాయం సూటిగానే చెప్తాను. 1986లో మోటరోలాలో బిల్ స్మిత్ రూపుదిద్దిన ఈ విధానంలో మంచి క్రమశిక్షణ ఉంది: సమస్యను నిర్వచించడం, కొలవడం, విశ్లేషించడం, మెరుగుపరచడం, నిలబెట్టడం. నేను పైన చెప్పిన వరుస కూడా దాదాపు అదే. పేచీ అంతా ప్రక్రియ ఎంత తక్కువ లోపాలతో నడుస్తోందో చెప్పే 'సిగ్మా స్థాయి' అనే అంకెతోనే. పది లక్షల అవకాశాలకు (అంటే తప్పు జరగడానికి వీలున్న చోట్లకు) 3.4 లోపాలు అన్న ప్రసిద్ధ అంకె, ప్రక్రియ సగటు దీర్ఘకాలంలో 1.5 సిగ్మాలు జరుగుతుందన్న ఊహ మీద ఆధారపడి ఉంది. అంటే అది నిజానికి సగటు నుంచి 4.5 సిగ్మాలకు అవతల పడే తోక భాగం. మీ ప్రక్రియ అంతే జరుగుతుందనడానికి ఆధారమేమీ లేదు. అంతకంటే పెద్ద చిక్కు 'అవకాశాలు' లెక్కపెట్టడంలో ఉంది. ఇన్‌వాయిస్‌లో 20 గడులున్నాయని, వెనక్కి వెళ్లిన 11 శాతంలో ఒక్కోదానికి ఒక్కో తప్పుందని అనుకుంటే పది లక్షల అవకాశాలకు 5,500 లోపాలు. అదే ఫారాన్ని 40 గడులుగా లెక్కిస్తే 2,750. ఎవరూ ఏ పనీ చేయకుండానే నాణ్యత రెట్టింపైంది! నూటికి ఎన్ని వెనక్కి వెళ్లాయన్న మామూలు శాతానికే కట్టుబడి ఉండండి.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, పైన వేసిన లెక్కలన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో నాలుగు నిలువు వరుసల్లో ఇముడుతాయి. పన్నెండు వారాల పాత డేటా మీ దగ్గర ఇప్పటికే ఉంటుంది, రేపే మొదలుపెట్టవచ్చు. ఒకేసారి రెండు మూడు మార్పులను వేర్వేరు బృందాల్లో ప్రయత్నించి దేని ప్రభావం ఎంతో విడదీయాలనుకునే దశకు వచ్చినప్పుడు ప్రయోగ రూపకల్పన తెలిసిన మనిషి, అందుకు తగ్గ సాఫ్ట్‌వేర్ అవసరమవుతాయి. శిక్షణకు డబ్బు మంజూరైతే పదిమందిని మూడేసి రోజులు పంపే బదులు, డేటాతో పని చేయడం ఇష్టమున్న ఒకరినే పూర్తిస్థాయి కోర్సుకు పంపండి. ఆ వ్యక్తి తిరిగొచ్చేలోగా వారపు సమావేశంలో గత వారం, ఈ వారం అని రెండే అంకెలు పక్కపక్కన చూపించే స్లైడును తీసేసి, దాని స్థానంలో ఇరవై వారాల చార్టును పెట్టండి. హద్దు దాటిన పాయింటు గానీ ఎనిమిది పాయింట్ల వరుస గానీ లేని వారం ఆ అంకె మీద చర్చను రద్దు చేసి, ఆ సమయాన్ని ఈమెయిల్‌లో వచ్చిన ఇన్‌వాయిస్‌లు ఎందుకు వెనక్కి వెళ్తున్నాయో ఒక్కొక్కటిగా తెరిచి చూడటానికి వాడండి.